పక్క బంటు కదిలిందని కంగారొద్దు!

అవతలివాడు ఎవరూ వేయని ఎత్తు వేస్తాడు. మధ్యలో బంట్లను వదిలేసి ఎక్కడో ఓ మూల బంటును ముందుకు తోస్తాడు. అక్కడితో మన తల తిరిగిపోతుంది. 'వీడికి ఆట రాదు' అనుకుంటే ఒక ప్రమాదం. 'ఇందులో ఏదో మాయ ఉంది' అని బెదిరిపోతే ఇంకో ప్రమాదం. ఈ రెండో ప్రమాదం ప్రపంచ ఛాంపియన్‌నే కుదిపేసింది.

అది 2024 డిసెంబరు 8, ఆదివారం. సింగపూర్‌లోని సెంటోసా దీవిలో ప్రపంచ చదరంగ కిరీటం కోసం పోరు. ఓ పక్క చైనాకు చెందిన ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్. మరో పక్క 18 ఏళ్ల దొమ్మరాజు గుకేశ్. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు. అప్పటికి పది గేములు అయిపోయాయి. ఇద్దరికీ చెరో అయిదు పాయింట్లు. అందులో చివరి ఏడు గేములూ వరసగా డ్రానే. మిగిలినవి నాలుగే. ఇక ఎవరు ఒక్క గేమ్ గెలిచినా పోటీ వాళ్లవైపు మొగ్గేలా ఉంది.

పదకొండో గేమ్‌లో గుకేశ్‌వి తెల్లపావులు. మొదటి ఎత్తు... గుర్రం ఎఫ్3. డింగ్ తన మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు నడిపాడు, డి5. గుకేశ్ సి4 అన్నాడు. డింగ్ తన బంటును ఇంకో గడి తోశాడు, డి4. ఇంతవరకూ అందరికీ తెలిసిన దారే. ఇక్కడ తెల్లపావులవాళ్లు ఎక్కువగా ఇ3 గానీ, జి3 గానీ ఆడతారు. గుకేశ్ చెయ్యి ఆ రెండిటి వైపూ పోలేదు. గుర్రం ముందు కూర్చున్న బి బంటును పట్టుకుని రెండు గళ్లు ముందుకు పెట్టాడు. బి4!

డింగ్ సి5 అని జవాబిచ్చాడు. గుకేశ్ ఇ3 అన్నాడు. అక్కడ డింగ్ ఆగిపోయాడు. అయిదు నిమిషాలు... పది... ఇరవై... ముప్పై! నాలుగో ఎత్తుగా గుర్రాన్ని ఎఫ్6 గడిలో పెట్టడానికి ఆయన తీసుకున్న సమయం 38 నిమిషాలు. మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికీ ఉండేది రెండు గంటలే. అందులో మూడో వంతు దాదాపుగా ఒక్క ఎత్తుకే కరిగిపోయింది. మామూలుగా ఇలాంటి గుర్రం ఎత్తు వేయడానికి గ్రాండ్‌మాస్టర్‌కు అయిదు సెకన్లు చాలు.

ఇంతకీ ఆ బంటు చేసిందేంటి?

చదరంగంలో ఆట మొదట్లో నేర్పే పాఠం ఒకటే... బల్ల మధ్యలో ఉన్న నాలుగు గళ్లను పట్టుకో అని. మధ్యలో కూర్చున్న పావు ఎటైనా పోగలదు. మూలన కూర్చున్నదానికి ఆ వీలు లేదు. అందుకే రాజు ముందరి బంటు, మంత్రి ముందరి బంటు మొదట కదులుతాయి. అంచుల్లో ఉండే ఎ, బి, జి, హెచ్ బంట్లు ఇంటి కాపలాకే అనుకుంటాం.

మరి గుకేశ్ బి4 ఎందుకు ఆడాడు? డింగ్ డి4 బంటు తెల్లపావుల ఇంట్లోకి తొంగిచూస్తోంది. దానికి సాయంగా సి5 బంటు వస్తే అక్కడ స్థిరపడుతుంది. బి4 బంటు పోయి ఆ సి5 గడికి కాపలా కాసింది. అంటే దూరం నుంచే మధ్య గడి మీద చెయ్యి వేసిందన్నమాట. అయినా సరే డింగ్ సి5 ఆడాడు కదా... అప్పుడు గుకేశ్ ఇ3 ఆడి మధ్యలో బంటును రెండో వైపు నుంచీ తాకాడు.

డింగ్ ముందు అప్పుడు తీయని ఎర ఒకటుంది. డి4 బంటుతో ఇ3ని తినేసి, తెలుపు ఎఫ్ బంటుతో తిరిగి తిన్నాక, సి5 బంటుతో బి4ని కూడా తినేయొచ్చు. లెక్కకు ఒక బంటు లాభం. కానీ వెంటనే తెలుపు డి4 అంటుంది. అప్పుడు సి4, డి4, ఇ3... మూడు బంట్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మధ్యలో గోడకట్టినట్టు నిలబడతాయి. ఒక్క బంటు ఇచ్చి మధ్యంతా కొనుక్కున్నట్టు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. నల్లపావులతో ఇదే బేరం పెట్టే పద్ధతి ఒకటి వందేళ్ల కిందటే ఉంది. రష్యా ఆటగాడు బ్లూమెన్‌ఫెల్డ్ పేరు మీద దాన్ని బ్లూమెన్‌ఫెల్డ్ గాంబిట్ అంటారు. 1922లో పిస్తియాన్‌లో జరిగిన పోటీలో అలెఖిన్ దీన్ని జర్మనీ దిగ్గజం టారాష్ మీద ప్రయోగించి గెలిచాడు. గుకేశ్ దాన్నే తిరగేసి, తెల్లపావులతో ఆడాడు. నల్లపావులవాళ్ల ఎత్తును తెల్లపావులతో ఆడితే ఒక ఎత్తు ఎక్కువ దొరుకుతుంది. అంటే పాత సరుకే, పైన కొసరు కలిసొచ్చింది!

డింగ్‌కు ఇవి తెలియవా? తెలుసు. కానీ 'తెలుసు' అనడం వేరు, ప్రపంచ కిరీటం బల్ల మీద పెట్టుకుని, అవతలివాడు ఇంట్లో ఎంత చదువుకొచ్చాడో తెలియకుండా, గడియారం టిక్కుటిక్కుమంటుండగా ఆ దారిలో అడుగుపెట్టడం వేరు.

తమాషా ఏంటంటే డింగ్ తడబడలేదు!

చాలామంది ఇక్కడే పొరబడతారు. బి4 దెబ్బకే డింగ్ ఓడిపోయాడనుకుంటారు. నిజానికి ఆ 38 నిమిషాల తర్వాత ఆయన బాగానే ఆడాడు. శకటంతో గుర్రాన్ని తీసేశాడు. ఎ5 ఆడి బి బంటును నిలదీశాడు. గుకేశ్ దాన్ని ఇంకో గడి ముందుకు, బి5కు తోయక తప్పలేదు. అది ముందుకు జరగడంతో సి5 గడి మీద కాపలా పోయింది. నల్ల గుర్రానికి అక్కడ చక్కటి కుర్చీ దొరికింది. అంతవరకూ హుషారుగా ఆడిన గుకేశ్ ఉన్నట్టుండి ఆలోచనలో పడ్డాడు. పదకొండో ఎత్తుకు, ఒక చిన్న జి3 ఆడటానికి, దాదాపు గంట తీసుకున్నాడు. గడియారంలో సంపాదించుకున్నదంతా అక్కడే ఖర్చయిపోయింది. ఇబ్బంది పెట్టబోయినవాడే ఇబ్బందిలో పడ్డాడు!

ఇక్కడే ఆ బంటు కథలో అసలు మలుపు. పదిహేడో ఎత్తులో గుకేశ్ దాన్ని ఇంకో గడి తోశాడు, బి6. శత్రువు కోటలో ఒంటరిగా నిలబడింది. 22వ ఎత్తులో డింగ్ మంత్రి వచ్చి దాన్ని తినేసింది. ఒక బంటు పోయింది. కానీ ఆ బంటు పోగానే బి వరస మొత్తం ఖాళీ అయింది. ఆ ఖాళీ వీధిలోకి గుకేశ్ ఒక ఏనుగును తెచ్చాడు. దాన్ని బి5కు ఎక్కించాడు. దాని వెనకే రెండో ఏనుగును బి1లో నిలబెట్టాడు. రెండు ఏనుగులూ ఒకే వీధిలో, నల్లపావుల బి7 బంటు మీదికి గురిపెట్టి నిలబడ్డాయి.

అప్పటికి డింగ్ గడియారంలో మిగిలింది కొద్ది నిమిషాలే. 28వ ఎత్తుగా మంత్రిని సి8 గడికి జరిపాడు. అంతే. గుకేశ్ తన మంత్రితో సి6లో ఉన్న గుర్రాన్ని తినేశాడు. చూసేవాళ్లకు మంత్రినే బలి ఇచ్చినట్టుంది. కానీ బి7 బంటుతో ఆ మంత్రిని తింటే వెనకున్న బి8 ఏనుగుకు అడ్డు తొలగిపోతుంది. తెల్ల ఏనుగు దాన్ని తింటుంది. నల్లమంత్రి ఆ ఏనుగును తింటే రెండో ఏనుగు మంత్రినే తినేస్తుంది. పోనీ మంత్రితో మంత్రిని తింటే తెల్లశకటం తిరిగి తింటుంది. ఎలా లెక్కవేసినా గుర్రం గోవిందా. డింగ్ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. 29 ఎత్తుల్లో ఆట సమాప్తం. గుకేశ్ 6-5.

మూడో ఎత్తులో కదిలిన బంటు 22వ ఎత్తులో చచ్చిపోయింది. అది వదిలి వెళ్లిన దారిలో 29వ ఎత్తులో గెలుపొచ్చింది. ఆ 38 నిమిషాల్లో సగం మిగిలి ఉన్నా డింగ్ మంత్రిని సి8లో పెట్టేవాడా? అన్నది చదరంగం అభిమానులు ఇప్పటికీ వేసుకునే ప్రశ్న. వింత ఎత్తులు చాలాసార్లు బల్ల మీద కాదు, గడియారంలో గెలుస్తాయి.

మర్నాడు పన్నెండో గేమ్‌లో డింగ్ చెలరేగి గెలిచి లెక్క సరిచేశాడు. డిసెంబరు 12న పద్నాలుగో గేమ్‌లో నల్లపావులతో గుకేశ్ గెలిచి 7.5-6.5తో అతిచిన్న వయసు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పోటీ అయ్యాక గుకేశ్ తన వెనక పనిచేసిన జట్టు పేర్లు బయటపెట్టాడు. పోలెండ్‌కు చెందిన గాయెవ్‌స్కీ నాయకత్వంలోని ఆ జట్టులో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు. 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్ అయిన హరికృష్ణ, ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో తెలుగు కుర్రాడి ఆయుధాలకు సానపట్టే పనిలో చెయ్యి వేశాడన్నమాట.

అదే పోటీ మూడో గేమ్‌లోనూ గుకేశ్ పక్క బంటే కదిపాడు. ఏడో ఎత్తుగా హెచ్3. కాసేపటికి జి4. డింగ్ శకటం సి2 గడిలోకి దూరి చివరికి బయటపడలేక చిక్కుకుపోయింది. 37 ఎత్తులయ్యేసరికి డింగ్ గడియారమే ఆగిపోయింది. అక్కడా అంతే, బల్లతో పాటు సమయమూ శత్రువైంది.

కోతికొమ్మచ్చి ఎత్తు

పక్క బంట్లతో పెద్దవాళ్లను ఆటపట్టించడం ఇప్పటి సంగతి కాదు. 1924లో న్యూయార్క్‌లో పెద్ద పోటీ జరుగుతోంది. ఆటగాళ్లంతా ఓ రోజు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలకు వెళ్లారు. అక్కడ సూసన్ అనే ఒరాంగుటాన్‌ను చూసి టార్టకోవర్ అనే ఆటగాడు ముచ్చటపడిపోయాడు. మర్నాడు మరోట్సీ మీద మొదటి ఎత్తే బి4 ఆడాడు. సూసన్ సలహా ఇచ్చిందని చెప్పాడట! బంటు బి4కు, అక్కడి నుంచి బి5కు పోవడం ఆ జంతువు కొమ్మలెక్కుతున్నట్టే ఉందన్నాడు. ఆ గేమ్‌లో మరోట్సీయే గెలిచాడు గానీ, ఆ ఎత్తుకు 'ఒరాంగుటాన్' అన్న పేరు అలాగే ఉండిపోయింది.

అంతకంటే ఘోరం 1980లో జరిగింది. స్వీడన్‌లోని స్కారాలో ఐరోపా జట్ల పోటీ. అప్పటి ప్రపంచ ఛాంపియన్ అనతొలి కార్పోవ్ రాజు ముందరి బంటు నడిపాడు. ఇంగ్లండ్‌కు చెందిన టోనీ మైల్స్ మూలనున్న ఎ బంటును ఒక్క గడి కదిపాడు. ఎ6! చూస్తున్నవాళ్లు నవ్వారట. తర్వాతి ఎత్తు బి5. పిల్లలు కూడా ఆడని ఆట. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. ప్రపంచ ఛాంపియన్ ఓడిపోయాడు.

ఎ6 గొప్ప ఎత్తా? కాదు. దానివల్ల నల్లపావులకు ఏ లాభమూ లేదు. కానీ అలాంటి ఎత్తు చూడగానే 'దీన్ని ఎలాగైనా శిక్షించాలి' అన్న పట్టుదల పుడుతుంది. మామూలుగా ఆడితే సరిపోయేచోట తొందరపడతాం. ఎత్తు చెడ్డదే కావచ్చు, మన కోపం దాన్ని మంచిదాన్ని చేస్తుంది.

తాతకు చోద్యం, మనవడికి భయం

కొడవలూరు లాంటి ఊళ్లో ఓ ఇంటిని ఊహించుకోండి. పిల్లాడు బడిలో చదరంగం నేర్చుకున్నాడు. సెల్‌ఫోన్‌లో రోజూ ఆడతాడు. ఆదివారం నెల్లూరులో పోటీ ఉందంటే నాన్న బస్సులో తీసుకెళ్లాడు. మొదటి గేమ్‌లోనే అవతలి పిల్ల జి4 అంది. వీడు నేర్చుకున్న పది ఎత్తుల్లో దానికి జవాబు లేదు. ముఖం పాలిపోయింది. గంటలో ఆట ఓడి బయటికొచ్చాడు. 'ఏందిరా, అంత తొందరగా వచ్చినావు?' అంటే, 'ఆ పిల్ల నాకు రాని ఎత్తు వేసింది నాయనా' అంటాడు.

ఇంటికొచ్చాక తాత బల్ల పరిచాడనుకోండి. ఆయన నేర్చుకున్నది పాత దేశవాళీ చదరంగం. అందులో బంటుకు ఒక్క గడే. మొదటిసారి రెండు గళ్లు దూకడం ఐరోపావాళ్లు సుమారు 15వ శతాబ్దంలో తెచ్చిన వేగం. 'ఇదేంది అబ్బయ్యా, బంటు అట్ట దూకితే ఎట్టా?' అని ఆయనకు ప్రతి ఎత్తూ వింతే.

ఆ పాత నియమాలతో పెరిగినవాడే మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబ్ నుంచి 1929లో ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడి పద్ధతిలో ఆట మొదలుపెట్టడం ఎలాగో పుస్తకాలు చదివి నేర్చుకున్నవాడు కాదు. అవతలివాళ్లు వేసే తొలి ఎత్తులన్నీ ఆయనకు కొత్తవే. అయినా 1929, 1932, 1933... మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ సమాఖ్య 2024లో ఆయనకు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది. కంఠతా వచ్చినవాళ్ల మధ్య, బల్లను చూసి ఆలోచించడం తెలిసినవాడు నెగ్గుకొచ్చాడు. మన కొడవలూరు పిల్లాడికి తాత నేర్పగలిగిన పాఠం కూడా అదే. ఆ ఎత్తు నీకు రాకపోతేనేం, బల్ల కనిపిస్తోంది కదా!

మరి బల్లను ఎలా చూడాలి?

వింత బంటు కదలగానే మూడు ప్రశ్నలు వేసుకోవాలంటారు శిక్షకులు. ఒకటి, అది నా దేన్నైనా తినబోతోందా? రెండు, అది కదలడంవల్ల అవతలివాడి ఇంట్లో ఏ గడి బలహీనపడింది? మూడు, నేను మధ్యలో ఏం చేయగలను? ఈ మూడూ అయ్యాకే చెయ్యి కదలాలి.

జి4 సంగతే చూద్దాం. స్విట్జర్లాండ్ ఆటగాడు హెన్రీ గ్రాబ్ పేరుతో ఇది ప్రసిద్ధం. అది దేన్నీ తినబోవడం లేదు. పైగా తెల్లరాజు పక్క గోడ తీసేసింది. మధ్య ఖాళీగా ఉంది. కాబట్టి డి5. ఇంకేముంది, మన శకటానికి జి4 బంటు కనిపిస్తుంది! తెలుపు దాన్ని కాపాడకుండా శకటాన్ని జి2లో పెడుతుంది. ఇక్కడే ఆశ పనికిరాదు. గబుక్కున జి4 బంటును తింటే తెలుపు సి4 అంటుంది. ఆ సి4 బంటునూ తిన్నామా, జి2 శకటం దూసుకొచ్చి బి7 బంటును తిని మూల ఏనుగు మీద పడుతుంది. తినకుండా సి6 అంటే మధ్యలో బంట్లు మార్చుకుని తెల్లమంత్రి బి3కి వస్తుంది. బి7, డి5 రెండిటి మీదా ఒకేసారి చూపు. మన శకటం ఇల్లు వదిలి బయటికెళ్లిన ఫలితమిది. అందుకే తినే ముందు సి6 అని తలుపు గడియ వేసుకోవాలి. తెలుపు హెచ్3తో బంటును కాపాడుకుంటే ఇ5. మధ్యలో రెండు బంట్లు మనవి. తెలుపు చేసిందల్లా రాజు పక్క గోడ పడగొట్టుకోవడమే.

మొదటి ఎత్తే బి4 అయితే? ఇ5 అనాలి. తెలుపు శకటాన్ని బి2లో పెట్టి ఇ5 మీద గురిపెడుతుంది. మన శకటంతో బి4 బంటును తినేస్తే, వాళ్ల శకటం ఇ5ను తింటుంది. లెక్కకు లెక్క సరి. అప్పుడు గుర్రాన్ని ఎఫ్6లో పెడితే, మరుసటి ఎత్తుకే రాజును కోటలో దాచుకోవచ్చు. వాళ్లకు మధ్యలో బంటు మిగిలింది, మనకు పావులు ముందు బయటికొచ్చాయి. భయపడాల్సిందేం లేదు.

ఎ3, హెచ్3 లాంటి ఒక్క గడి ఎత్తులైతే ఇంకా తేలిక. అవతలివాడు తన వంతును దాదాపుగా మనకు ఇచ్చేశాడన్నమాట. తెల్లపావులతో మనం ఎలా మొదలుపెడతామో అలాగే మధ్య బంటుతో మొదలుపెడితే సరి.

కానీ అన్ని పక్క బంట్లూ ఖాళీ బెదిరింపులే అనుకోవద్దు. ఒక్కటి మాత్రం ఖాయంగా గుర్తుంచుకోవాలి. కారో-కాన్ రక్షణలో తెలుపు ఇ4, నలుపు సి6... తెలుపు డి4, నలుపు డి5... తెలుపు ఇ5, నలుపు శకటం ఎఫ్5. ఇప్పుడు తెలుపు హెచ్4! 1961లో బోట్విన్నిక్‌తో ప్రపంచ పోటీలో మిఖాయిల్ తాల్ వాడిన ఎత్తు ఇది. దేన్నీ తినబోనట్టే కనిపిస్తుంది. ఎప్పటిలాగే ఇ6 అన్నామా, అయిపోయాం. తెలుపు జి4 అంటుంది. శకటం ఇ4కు పోతే ఎఫ్3. జి6కు పోతే హెచ్5. ఇక పోవడానికి గడి లేదు. శకటం బోనులో పడ్డట్టే! ఇంతకీ మందేంటంటే, హెచ్4కు హెచ్5 అని ఎదురు బంటు పెట్టడం. జి4 గడికి కాపలా దొరుకుతుంది, శకటానికి ఊపిరాడుతుంది.

అంటే ఆ మొదటి ప్రశ్ననే ఇంకాస్త సాగదీయాలి. 'ఈ బంటు ఇప్పుడు ఏం తింటుంది?' అని కాదు, 'ఇంకో రెండు గళ్లు నడిస్తే నాది ఏ పావు ఇరుక్కుంటుంది?' అని.

కంప్యూటర్లు మార్చేసిన లెక్క

ఒకప్పుడు పుస్తకాల్లో ఇలాంటి ఎత్తుల పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేసేవారు. 2017లో డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాజీరో అనే కార్యక్రమాన్ని తయారుచేసింది. దానికి మనుషుల ఆటలు చూపించలేదు, నియమాలు మాత్రమే చెప్పారు. తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. అది హెచ్ బంటును అదే పనిగా ముందుకు తోసి, రాజు ముందు మేకులా దిగగొట్టడం చూసి గ్రాండ్‌మాస్టర్లు నోరెళ్లబెట్టారు. ఆ తర్వాత పెద్ద పోటీల్లోనూ అంచు బంట్ల నడక మామూలైపోయింది.

దానికి ఇంకో కారణమూ ఉంది. అందరి దగ్గరా అవే కంప్యూటర్లు. బాగా నలిగిన దారిలో పాతిక ఎత్తుల దాకా ఇద్దరికీ కంఠతా వచ్చేస్తున్నాయి. ఇక ఆట ఎక్కడుంది? అందుకే కాస్త పక్కదారి పట్టించి, అవతలివాణ్ని సొంతంగా ఆలోచించేలా చేయాలన్నది ఇప్పటి ఎత్తుగడ. వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ ఆటలో ఈ తెగువ బాగా కనిపిస్తుంది. డ్రాతో సరిపెట్టుకోవడం ఇష్టంలేక అరుదైన దారుల్లోకి లాక్కెళ్తాడు. 2024 డిసెంబరు జాబితాలో అతని రేటింగ్ 2800 దాటింది. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో భారతీయుడతనే.

గంటల కొద్దీ ఆలోచించే ఆటలోనే డింగ్‌కు సమయం చాలలేదంటే, ర్యాపిడ్ పోటీల్లో సంగతేంటి? అక్కడ ఒక్కొక్కరికీ పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు కొసరు. 38 నిమిషాలు కాదు, మూడు నిమిషాలు ఆగినా మునిగినట్టే. అలాంటి ఆటలో మన కోనేరు హంపి 2019లోనూ, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లోనూ ప్రపంచ విజేత అయింది. తెలియని ఎత్తు ఎదురైనప్పుడు అత్యుత్తమమైన జవాబు కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా, మంచి జవాబుతో ముందుకు సాగిపోయేవాళ్లకే ఆ ఆట దక్కుతుంది.

పిల్లలూ, కత్తిరించి దాచుకోండి!

* వింత ఎత్తు చూడగానే చేతులు ఒళ్లో పెట్టుకోండి. ముందు కళ్లు పనిచేయాలి, తర్వాతే చెయ్యి.

* బంటు కదిలినచోట కాదు, అది వదిలొచ్చినచోట ఏం బలహీనపడిందో చూడండి. బంటు వెనక్కి నడవదు. ఆ లోపం ఆటంతా ఉంటుంది.

* ఏం చేయాలో తోచకపోతే మధ్య బంటు, గుర్రం, శకటం, కోట... ఈ వరస తప్పొద్దు. ఇది ఏ వింత ఎత్తుకైనా నూటికి తొంభైసార్లు సరిపోయే జవాబు.

* ఊరికే వచ్చిన బంటును తినేముందు 'తిన్నాక నా ఇంట్లో ఎవరు కాపలా?' అని అడగండి.

* అంచు బంటు రెండోసారి కూడా కదిలిందంటే మీ శకటం పారిపోయే దారి ఉందో లేదో చూసుకోండి.

* గడియారం చూడండి. మొదటి పది ఎత్తులకు మీ సమయంలో పావు వంతు కంటే ఎక్కువ ఖర్చు పెట్టకండి.

* గేమ్ అయ్యాక గెలిచినా, ఓడినా ఆ ఎత్తును నోటు పుస్తకంలో రాసుకోండి. రెండోసారి ఎదురైతే అది వింత కాదు... మీ పాత చుట్టమే!

ఈవారం లెక్క: తెలుపు మొదటి ఎత్తు ఎఫ్3, నలుపు ఇ5. తెలుపు రెండో ఎత్తు జి4. ఇప్పుడు నలుపు ఒకే ఒక్క ఎత్తులో ఆట ముగించాలి. ఎలా?

జవాబు: మంత్రి హెచ్4. రాజుకు కట్టు! అడ్డుపెట్టే బంటు లేదు, పారిపోయే గడి లేదు. చదరంగంలో ఇంతకంటే తొందరగా ఎవరూ ఓడిపోలేరు. రెండే రెండు పక్క బంట్లు... మధ్య బంటును మరిచిపోయి కదిపినందుకు!